బందులకు చెవుల్లేవు

ఆ ఊళ్లో వీధి తలుపులు ఆయా ఇళ్ల మగగొంతులకే తెరుచుకుంటాయి. ఆడవాళ్ల భద్రత కోసమని చేసిన చట్టం. పొద్దున నాన్న, అన్నయ్య మిల్లుకు వెళ్తూ "మూసుకో" అంటే తలుపు మూసుకుంటుంది. సాయంత్రం వాళ్లొచ్చి "తెరుచుకో" అనేదాకా లోపలివాళ్లు లోపలే.

ఆ మధ్యాహ్నం, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పదహారేళ్ల పిల్ల బట్టలు ఇస్త్రీ చేస్తుంటే, వదిన గోడ పట్టుకుని ఆగిపోయింది. ఆమె కాళ్ల కింద నీళ్లు.

"ఇంకా నెలుంది కదే!" అంది నానమ్మ, ముఖం పాలిపోయి.

"ఆ సంగతి లోపలున్నదానికి ఎవరు చెప్తారు?" అంది వదిన పళ్లు బిగబట్టి.

పిచ్చుక మిల్లుకు ఫోన్ చేసింది. షిఫ్టు అయ్యేదాకా పనివాళ్లను పిలవరట. ఆసుపత్రికి చేస్తే, "మీ ఇంటి మగవారిచేత మాట్లాడించండి" అని రికార్డు వినిపించింది. ఎదురింట్లో కాన్పులు చేసే నర్సమ్మ ఉంది. వరండా దాటితే ఆమె గుమ్మమే. కానీ ఆమె తలుపూ ఇలాంటిదే.

పిచ్చుక గొంతు బొంగురు చేసుకుని, అచ్చం అన్నయ్యలా "తెరుచుకో" అంది.

"గొంతు సరిపోలేదు," అంది తలుపు.

ఇంకా లోతుగా అంది.

"గొంతు సరిపోలేదు. మళ్లీ తప్పితే రేపటిదాకా తెరవబడదు."

వదిన కేక పెట్టింది. పిచ్చుక మళ్లీ నోరు తెరవబోతే నానమ్మ అరచేత్తో మూసేసింది.

పిచ్చుక తలుపును పైనుంచి కిందికి చూసింది. వినే తాళం ఒకవైపే ఉంది. రెండోవైపు మూడు ఇనుప బందులు. వాటికి చెవుల్లేవు.

"నానమ్మా, అట్లకాడ ఇటివ్వు."

"తలుపు పీకుతావా? మీ నాన్న ఊరుకుంటాడా?"

"వదిన కడుపులోది ఊరుకుంటుందా?"

నానమ్మ అట్లకాడ తెచ్చింది.

బందు రేకుల్ని కలిపే చీల కింద దాని కొన ఆనించి, ఇంకా వేడి దిగని ఇస్త్రీపెట్టెతో కొట్టింది పిచ్చుక. ఒక చీల ఊడింది. రెండోది తుప్పుపట్టి మొండికేసింది. చెయ్యి జారి వేళ్లు చెక్కుకుపోయాయి. నానమ్మ నూనె పోశాక అదీ ఊడింది. వెనక వదిన మూలుగులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. పై చీల కోసం కుర్చీ ఎక్కితే నానమ్మ కుర్చీ కాళ్లు పట్టుకుంది. అది ఊడగానే తలుపు వాళ్ల మీదికి ఒరిగింది. ఇద్దరూ కలిసి గోడకు ఆనించారు. "అనుమతి లేదు, అనుమతి లేదు," అని అది అరుస్తూనే ఉంది.

పిచ్చుక పరుగెత్తి ఎదురింటి తలుపు బాదింది. "అత్తా! వదినకి నొప్పులొచ్చేశాయి!"

"ఎలా రానే తల్లీ?" అంది లోపలినుంచి నర్సమ్మ.

"తాళం జోలికి పోకు. బందుల చీలలు పైకి కొట్టు!"

లోపల సామాను వెతికిన చప్పుడు. తర్వాత ఠంగు, ఠంగు.

పొద్దు వాలకముందే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు. నర్సమ్మ వీపు రుద్దింది, పాదాలు తట్టింది. వదిన తల పైకెత్తి చూస్తోంది. నర్సమ్మ మళ్లీ తట్టింది. సన్నగా, కోపంగా ఏడుపు మొదలైంది.

"ఏం చేశావే పిచ్చుకా? మాకూ చెప్పు!" వరండా పొడవునా మూసిన తలుపుల వెనకనుంచి కేకలు. ఆమె ఒక్కో గుమ్మం దగ్గర ఆగి చెప్పింది.

సాయంత్రం మగవాళ్లు వచ్చేసరికి తలుపులన్నీ గోడలకు జారగిలబడి ఉన్నాయి.

"ఎవరు పీకారు? సుత్తి తే, బిగిస్తాను," అన్నాడు నాన్న.

కొడుకుకు ఎన్నడూ ఎదురు చెప్పని నానమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "బిగించుకో. చీలలు మాత్రం మా దగ్గరుంటాయి."

లోపల పాప ఏడ్చింది. అన్నయ్య చటుక్కున నానమ్మ పక్కనుంచి దూరి లోపలికి పోయాడు. నాన్న చాలాసేపు బయటే నిలబడ్డాడు. ఆఖరికి చెప్పులు విడిచి అడిగాడు:

"రానా అమ్మా?"

నానమ్మ కాస్త పక్కకు జరిగింది.