అల్లుడుగారి హారన్

దుర్గారావుకీ, అతని అత్తగారు ఎరుకమ్మకీ మధ్య పెళ్లినాటి నుంచీ ఒక్క మాట నేరుగా నడిచింది లేదు. తగువేం లేదండోయ్! ఉత్త మర్యాద. ఎరుకమ్మ పుట్టిన సిక్కోలు ఒడ్డున అత్త అల్లుడికి ఎదురుపడదు, అల్లుడు అత్తని నోరెత్తి పిలవడు. మొగుడితో కలిసి వలలు సర్దుకుని అండమాన్ ఓడ ఎక్కినప్పుడు ఆవిడ ఈ మర్యాదని కూడా భద్రంగా మూట కట్టుకొచ్చింది. అందుచేత ఇద్దరి మధ్యా మాటలు మోసే చాకిరీ కూతురు బేబీరాణి నెత్తిన పడింది.

అత్తగారింట భోజనానికి కూర్చుంటే ముందుగదిలోంచి అతను, "కూర బావుందని మీ అమ్మకి చెప్పు," అంటాడు. వంటగదిలోంచి ఆవిడ, "ఇంకొంచెం ఏసుకోమని బాబుకి సెప్పే," అంటుంది. మధ్యలో ఉన్నది గుడ్డ తెర. ఇద్దరికీ అన్నీ వినిపిస్తూనే ఉంటాయి. అయినా సరే, బేబీరాణి మళ్లీ చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆ మాట అన్నట్టు లెక్క కాదు.

మరి బేబీరాణి పక్కన లేనప్పుడో? అప్పుడు హారనే దిక్కు. హార్బర్ ఆఫీసులో క్లర్కయిన దుర్గారావు కాపురం హోప్ టౌన్ గుట్ట మీద. అత్తగారిల్లు కింద ఒడ్డున. మొగుడు పోయాక అల్లుడింట్లో ఉండమంటే ఆవిడ చెవులు మూసుకుంటుంది. అతను వేలంలో కొన్న ముసలి అంబాసిడర్‌లో దిగి, మలుపు దగ్గర ఆగి "భోఁ, భోఁ" అని కొడతాడు. ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని వచ్చి, కూర క్యారియరు బానెట్ మీద పెట్టి, తలెత్తకుండా లోపలికి పోతుంది. అదీ వాళ్ల సంభాషణ.

సునామీ పొద్దున భూమి ఊగినప్పుడు ఇరుగుపొరుగు ఎంత మొత్తుకున్నా ఎరుకమ్మ కదల్లేదు. "సేపలు కడుగుతున్నాను, మీరెల్లండి," అంది. అంతలో మలుపు దగ్గర అల్లుడి హారన్ ఆగకుండా మోగింది. ఆఫీసు మనిషి, ఊరికే కొట్టడనుకుని బయటికొచ్చింది. వచ్చేటప్పుడు క్యారియరు కూడా తెచ్చింది మహాతల్లి! ఆవిడని గుట్ట ఎక్కించి, మిగతావాళ్ల కోసం మళ్లీ దిగిన కారుని సముద్రం పట్టుకుంది. దుర్గారావు కారొదిలేసి పరిగెత్తి బతికాడు. ఎరుకమ్మ ఇల్లు ఆనవాలు లేకుండా పోయింది. కొన్నాళ్లకి ఆవిడ అదే చోట రేకులిల్లు వేసుకుని మళ్లీ చేపలు ఎండబెట్టడం మొదలుపెట్టింది. చెబితే వినే రకమైతే కదా!

ఉప్పునీళ్లలో నానిన కారుకి ఒక్కొక్క పార్టూ మార్చాల్సి వచ్చింది. బ్రేకులకి లోకల్ సామాను, సెల్ఫుకి లోకల్ సామాను. దొరికింది దొరికినట్టు వేయించాడు దుర్గారావు. చివరికి హారన్ మిగిలింది. మొగుడూ పెళ్లాలు బతు బస్తీలో కారు సామాన్లమ్మే నాగరాజు కొట్టుకి వెళ్లారు.

"దీదీ, యే సునో," అని నాగరాజు ఒక హారన్ నొక్కాడు. లారీ అరిచింది. ఇంకోటి నొక్కాడు. పసిపిల్ల గుక్కపట్టినట్టయింది. దుర్గారావు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఇవేవీ వద్దు. కంపెనీది కావాలి."

"పాత మోడల్ కదా భయ్యా. కంపెనీ మాల్ చెన్నై నుంచి జహాజ్‌లో రావాలి. ఎప్పుడొస్తదో భగవాన్ జానే! ఇది పెట్టుకో, ఉప్పుగాలికి తట్టుకుంటది."

"మా అత్తగారిని పిలిచే హారన్, నాగరాజూ. డూప్లికేట్‌తో పిలిస్తే బాగుంటుందా?"

బేబీరాణికి ఒళ్లు మండిపోయింది. "బ్రేకులకి లోకల్ సామాను, అరిసేదానికి కంపెనీదా? రేపు మళ్లీ నీళ్లొస్తే మాయమ్మని దేంతో పిలుస్తారు?"

"బ్రేకులు మీ అమ్మకి వినపడవు కదే!"

ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు చెప్పండి? చెన్నైకి ఆర్డరు వెళ్లింది. ఓడ వచ్చింది, హారన్ రాలేదు. ఇంకో ఓడ వచ్చింది, బంగాళాదుంపలు వచ్చాయి, హారన్ రాలేదు.

భూమి మాత్రం ఏ ఓడ కోసమూ ఆగలేదు. నాలుగు రోజులకోసారి ఊగుతూనే ఉంది. ఊగినప్పుడల్లా బేబీరాణి గుండె చేత్తో పట్టుకుని గుట్ట దిగి పరిగెత్తేది. తల్లి పీట మీంచి లేచేది కాదు.

"బాబు హారన్ కొట్టనేదు కదా, నీకేటే అంత కంగారు?"

"హారన్ పాడైందే అమ్మా!"

"బాగైనాక కొట్టమను, అప్పుడొస్తాన్లే."

ఓ మధ్యాహ్నం బేబీరాణి ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. సముద్రం ఒకసారి వదిలేసిన తల్లిని ఈ మర్యాదే మింగేసేలా ఉందని భయం పట్టుకుంది. మర్నాడు తానే వెళ్లి నాగరాజు దగ్గర లారీ గొంతు హారన్ కొనుక్కొచ్చి కారుకి బిగింపించింది. దుర్గారావు మొహం చిట్లించుకుంటూ మలుపు దగ్గర నొక్కాడు. ఇంట్లోంచి ఎరుకమ్మ గట్టిగా అరిచింది. "ఒలే, ఎవుడిదో లారీ దారి తప్పినట్టుంది. ఎనక్కి ఎల్లిపొమ్మనండే!"

"విన్నావా?" అన్నాడు దుర్గారావు పెళ్లాంతో. ఆ సంబరం చూడాలి!

వానలు పడ్డాక కంపెనీ హారన్ దిగింది. సీలు వేసిన డబ్బా, లోపల మెరుస్తున్న సరుకు. లారీ గొంతుదాని పక్కనే దాన్నీ బిగించి, దుర్గారావు ఉతికిన చొక్కా తొడుక్కుని, పెళ్లాన్ని ఎక్కించుకుని బయల్దేరాడు. మలుపు దగ్గర ఆపి నొక్కాడు. సన్నగా, తియ్యగా, ఎంతో పద్ధతిగా మోగింది. ఎరుకమ్మ కిటికీ సందులోంచి తొంగి చూసింది. వానధారలో కారు ఏదో ఆనలేదు. సునామీ నష్టాలు రాసుకునే ఆఫీసర్ల బండి అనుకుంది. వాళ్లొస్తే హిందీ మాట్లాడాలి. ఆవిడ తలుపేసి గొళ్లెం పెట్టేసుకుంది.

సరిగ్గా అప్పుడే భూమి ఊగింది. మామూలుగా ఊగే ఊపు కాదు. కారు అటూ ఇటూ తూలింది, కొబ్బరికాయలు రాలాయి, జనం గుట్ట వైపు పరిగెత్తారు. దుర్గారావు కంపెనీది నొక్కాడు. తలుపు తెరుచుకోలేదు. లోకల్‌ది నొక్కాడు. తెరుచుకోలేదు. రెండూ కలిపి నొక్కాడు. బేబీరాణి "అమ్మా!" అంటూ కారు దిగి పరిగెత్తబోయి, బురదలో జారి పడింది. వానహోరులో ఆ కేక ఎటు పోయిందో.

దుర్గారావు కారు దిగాడు. ఒడ్డు వైపు నాలుగంగలు వేశాడు. ఊపిరి బిగించి, "అత్తా!" అని అరిచాడు. "అత్తోయ్! రా! బయటికి రాయే! పోదాం రా!"

ఆ గొంతు విని బేబీరాణి లేవడం కూడా మర్చిపోయింది. కింద తలుపు ధడాలున తెరుచుకుంది. ఎరుకమ్మ నెత్తిన కొంగు లేకుండా, చేతులకి చేప పొలుసులతో, పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చి, తెరిచి ఉన్న ముందు తలుపులోంచి ఎక్కి, స్టీరింగు దగ్గరికి చేరిన అల్లుడి పక్కన కూలబడింది. బేబీరాణి బురదతో వెనక సీట్లో పడింది. కారు గుట్ట ఎక్కేసింది.

పైన ఊరంతా వానలో నిలబడి సముద్రాన్ని చూసింది. చాలాసేపు చూసింది. నీళ్లు ఉన్నచోటే ఉన్నాయి. మెల్లగా జనానికి నవ్వులొచ్చాయి.

ఎరుకమ్మ పొలుసులు చీరకి తుడుచుకుని, అల్లుడి మొహంలోకి సూటిగా చూసింది. "ఆ బ్రేకులేటి బాబూ, ఆపినప్పుడు అలా ఏడుస్తన్నాయి? మార్పించు." ఆవిడ నెత్తికి కొంగు లాక్కోబోయి మానేసింది. "ఆ కూతలు నాను పట్టించుకోనేదు. నీ గొంతు ఇనగానే కాళ్లు ఆటంతటవే లేసిపోనాయి. నువ్వు పిలిస్తే రానా? ఇన్నాళ్లూ ఎప్పుడు పిలిసేవు గనక? హారన్ నీకు నచ్చిందే ఏయించుకో. నన్ను మాత్రం నోటితో పిలు, నాయనా."

"అలాగే అత్తా," అన్నాడు దుర్గారావు, ఆవిడ వైపే చూస్తూ.

వెనక సీట్లో బేబీరాణి అలవాటు కొద్దీ ఆ మాట తల్లికి చెప్పబోయింది. చెప్పాల్సిన పని లేదని తెలిసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.