చీలమండ పట్టు

పెళ్ళయి ఇరవై మూడు రోజులు. మదనపల్లె నుంచి పుంగనూరుకు బైకు మీద వస్తూ, దారిలో ఆగి టమోటా బజ్జీలు తిన్నాం. ఆయన నడుము చుట్టూ నా చేతులు, చేతుల నిండా గాజులు. గతుకు వచ్చినప్పుడల్లా అవి గలగలమంటే నాకు నవ్వాగలేదు.

మధ్యాహ్నం అక్కడ మా మదనపల్లె జట్టుకు కుప్పం జట్టుతో కబడ్డీ ఫైనల్. మా ఆయన ఉమాశంకర్ కూతకు వెళ్ళాడు. కుప్పం ఆటగాడు మోసిన్ ఆయన చీలమండ పట్టి లాగాడు. ఇంకో ఇద్దరు మీద పడ్డారు. ఒకడి మోకాలు కణతకు తగిలిన చప్పుడు నేను కూర్చున్న చోటికి వినిపించింది. తర్వాత తల నేలకు కొట్టుకుంది. చీలిన పెదవిలోంచి మట్టీ నెత్తురూ కలిసి కారాయి. జనం ఈలలు వేశారు.

ఔటయిన ఆయన్ను గీత బయట కూర్చోబెట్టారు. కెప్టెన్ మునికృష్ణ టైమౌట్ అడిగి వచ్చి, ఎర్ర ఉల్లిగడ్డ చితగ్గొట్టి ముక్కుకు అదిమాడు. తడి తువ్వాలు తలకు బిగించి కట్టాడు. ఆ జట్టులో ఏ దెబ్బకైనా ఇదే వైద్యం.

"దీనికి సచ్చినోడు కూడా లేస్తాడమ్మా," అన్నాడు.

నేను ఫిజియోథెరపీ చదివాను. ఆయన ఎదురుగా కూర్చుని అడిగాను.

"పొద్దున దారిలో ఏం తిన్నాం?"

"స్కోరెంత?"

"ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఏం తిన్నాం?"

"స్కోరెంత సరళా?"

మూడోసారీ అదే అడిగి, నా కొత్త చీర మీద వాంతి చేసుకున్నాడు.

"ఈయన ఇంక ఆడకూడదన్నా," అన్నాను.

"యాల? తల పగల్లేదు కదా!"

"ఎండు టెంకాయ ఊపితే లోపల కుడుక కొట్టుకుంటాది. పైన పెంకు బాగానే ఉంటాది. మెదడు ఇప్పుడట్లే కదిలి ఉండాది. ఇంకో దెబ్బ తగిలితే వాచిపోయి మనిషి ఈడనే పోవచ్చు."

"కొత్త పెండ్లికూతురు కదా, భయపడతాండావు," అని నవ్వి మునికృష్ణ కూతకు పోయాడు.

కబడ్డీలో మన జట్టు పాయింటు తెస్తే, ఔటయి కూర్చున్నవాడు తిరిగి ఆటలోకి వస్తాడు. ఇప్పుడు వంతు ఆయనదే. మదనపల్లె కోడలినై ఉండి, మునికృష్ణను కుప్పం వాళ్ళు పట్టేయాలని మొక్కుకున్నాను. వాళ్ళు అతని మెడ వంచారు, డొక్కలో పొడిచారు. అయినా ముగ్గుర్ని ఈడ్చుకొచ్చి గీత తాకాడు.

"ఉమా! లేయ్! రా!"

ఆయన లేచాడు. అడ్డం నిలబడ్డాను. ఆ కళ్ళు నన్ను చూశాయి గానీ గుర్తుపట్టలేదు. మోచేయి విసిరాడు. నా ముందు పన్ను సగం విరిగింది. కిందపడితే గాజులు పగిలి ముంజేతిలో దిగాయి.

హార్స్లీ హిల్స్‌లో, పెళ్ళయిన వారానికి, గడ్డి మీద నవ్వుతూ నాకు చీలమండ పట్టు నేర్పింది ఈయనే. "చేతులు తాళం మాదిరి వెయ్. తన్నినా వదలద్దు," అన్నాడు.

పడినచోటి నుంచే పట్టేశాను. రెండో కాలి మడమతో పక్కటెముకల మీద తన్నాడు. మళ్ళీ తన్నాడు. వదల్లేదు. ఆయన తూలాడు.

"తల! తల పట్టుకో మోసిన్!" అని అరిచాను.

మోసిన్ గీత దాటి దూకి, రెండు చేతులతో తల అందుకున్నాడు. ఆయన ఒళ్ళంతా నా భుజం మీద పడింది. మెడ కింది ఎముక టప్పుమంది. ఆ ఎముక బొమ్మ ఎన్నిసార్లు గీశానో! విరిగితే ఎలా చప్పుడవుతుందో మాత్రం పుస్తకంలో లేదు.

"అక్కా, మా టీములో కాలు పట్టే కార్నర్ చోటొకటి ఖాళీగా ఉండాది, వస్తావా?" అన్నాడు మోసిన్, తల వదలకుండానే.

మునికృష్ణ బూతులు తిడుతూ పరుగెత్తుకొచ్చాడు. ఆయన అతనివైపు చూసి, "ఎవురప్పా నువ్వు?" అన్నాడు. పదేళ్ళుగా కలిసి ఆడుతున్నవాళ్ళు. మునికృష్ణ తువ్వాలు ముడి తనే విప్పి, "కారు తీయండి రా," అన్నాడు. ఆరుగురితో ఆడి మావాళ్ళు ఓడిపోయారు.

మదనపల్లె ఆసుపత్రిలో స్కానింగు తీసి, లోపల నెత్తురు గడ్డకట్టలేదన్నారు. నా చేయి మెడకు వేలాడగట్టారు. పొద్దు వాలుతుండగా ఆయన కళ్ళు తెరిచి నా మూతి చూశాడు.

"ఎవురు కొట్టింది నిన్ను? సంపేస్తా వాణ్ణి!"

"తర్వాత చెప్తాలే. పొద్దున ఏం తిన్నాం?"

నొసలు ముడిచి చాలాసేపు ఆలోచించాడు.

"బజ్జీలు," అన్నాడు. "నువ్వు ఐదు తిని నాకు రెండే ఇచ్చినావు."

సరిగ్గా ఐదే. విరిగిన పంటికి గాలి తగిలి ప్రాణం పోతున్నా నవ్వు ఆపుకోలేకపోయాను.