నవాబు దాణా ఖర్చు

నవతకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. నవ్వకూడని చోటే నవ్వొస్తుంది. చావింటికి పోతే వస్తుంది, గుళ్లో శఠగోపం నెత్తిన పెట్టేటప్పుడు వస్తుంది. పెళ్లినాడు వంశీ తాళి కట్టబోయి తన వేలిని కూడా కలిపి ముడేసుకున్నప్పుడు వచ్చిన నవ్వయితే పీటల మీది నుంచి లేచేదాకా ఆగలేదు. విడాకుల కేసులోనూ వచ్చింది. ఆ రోజు అత్త గోపమ్మ కోర్టు వరండాలో నలుగురూ వినేట్టు, "సూశిన్రా పిచ్చిదాన్ని! నా కొడుకు దీంతోని ఎట్ల కాపురం చేస్తడు?" అని అరిచింది. అందుకే ఈసారి లాయరు మంజుల ముందే హెచ్చరించింది.

"నవతా, ఇయ్యాల లోపల నువ్వు నవ్వినవనుకో, నీ కేసు నేను చూస్కోను. చెప్తున్న."

"నవ్వ మేడం. పింకీ మీద ఒట్టు."

ఒట్టయితే పెట్టింది గానీ, మంజుల చేతిలో ఉన్న కాగితాలు అలాంటివి మరి! వాటిని తల్చుకుంటేనే నవతకు డొక్కలు ఎగిరిపడుతున్నాయి.

సంగతేమిటంటే, వంశీ వాళ్లది చేవెళ్లలో భూములున్న ఇల్లు. మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్ ఉంది. పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలకూ, శనాదివారాలు చిందులేసే సాఫ్ట్‌వేర్ పిల్లలకూ కిరాయికిస్తారు. పక్క ఫామ్‌హౌస్‌వాడు ఫొటోల కోసం ఒంటెను తెచ్చాడు. అంతే, వంశీకి తిండి సయించలేదు. ఎక్కడెక్కడో తిరిగి తెల్ల గుర్రాన్ని పట్టుకొచ్చాడు. దాని పేరు నవాబు. వాళ్ల కూతురు పింకీ నడక నేర్చింది దాని మూతి పట్టుకునే.

రెండేళ్ల కిందట విడాకులప్పుడు ఆస్తులు, రాబడి, ఖర్చులు ప్రమాణం చేసి రాసిమ్మని కోర్టు ఇద్దర్నీ అడిగింది. కోడలికి భరణం ఎక్కడ కట్టబెట్టాల్సి వస్తుందోనని గోపమ్మకు ఒకటే గుబులు. "వచ్చిందంత ఖర్చుకే పోతున్నదని రాయిరా. ఒక్క రూపాయి మిగిలినట్టు కనపడొద్దు," అని కొడుకు పక్కన కూర్చుని మరీ రాయించింది. ఎన్ని రాసినా మిగులు తగ్గదే! చివరికి ఇద్దరికీ నవాబు గుర్తొచ్చింది. ఇక చూసుకోండి. దాణా, శనగలు, క్యారెట్లు, బెల్లం, చలికాలంలో బాదం, ఒంటికి మర్దనా చేసే ఆవనూనె, ఆ మర్దనా చేసేవాడికి జీతం, ఈగలు వాలకుండా ఫ్యాను, ఆ ఫ్యానుకు కరెంటు. అన్నీ కలిపి నెలకు నలభై వేలు. ఫామ్‌హౌస్ నాది, గుర్రం నాది, అంతా నా సొంత సంపాదనే అని కింద సంతకం. అందులో సగం ఉత్తదే. కానీ తమ గుర్రాన్ని తక్కువ చేసి రాయడం ఆ ఇంట్లో ఎవరి తరమూ కాదు. పక్కన ఒంటె ఉందాయె!

"నీ గుర్రాన్ని నువ్వే మేపుకో, నాకేమొద్దు," అని నవత పింకీని తీసుకుని బయటికొచ్చింది. పిల్ల చదువు తాను చూసుకుంటానని వంశీ ఒప్పుకున్నాడు. ఒక ఏడాది చూశాడు, తర్వాత ఫోన్లు ఎత్తడం మానేశాడు. నవత మొయినాబాద్‌లో చిన్న షాపు పెట్టి జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తోంది. అది కిరాయికీ కూరలకూ సరిపోతుంది, స్కూలుకు కాదు. దసరా సెలవుల తర్వాత ఫీజు లేకుండా పాపను పంపొద్దని స్కూలువాళ్లు మొహం మీదే చెప్పేశారు. పింకీ ఉన్నది మూడో తరగతి. ప్రతిదానికీ నవ్వే నవతకు ఆ ఒక్క మాట పిల్లతో చెప్పడానికి నోరు రాలేదు. కేసు వేసింది అందుకే.

కేసు వేయగానే వంశీ కొత్తగా ఇంకో ప్రమాణపత్రం ఇచ్చాడు. ఫామ్‌హౌస్ మా బాపుది, నేను అక్కడ నెల జీతానికి పనిచేస్తాను, కూతురికి రెండు వేలు మాత్రం ఇచ్చుకోగలను. ఇక జంతువులు అన్న చోట, లేవు. మంజుల రెండేళ్ల కిందటి కాగితం నకలు తీయించి ఈ కొత్తదాని పక్కన పెట్టి చూపించిన రోజు, నవత షాపులో కుట్టుమిషను మీద పడి పడి నవ్వింది. జాకెట్ కొలతలివ్వడానికి వచ్చినావిడ భయపడి మళ్లీ వస్తానని వెళ్లిపోయింది.

పాపను ఒకసారి చూడాలని జడ్జిగారు అనడంతో పింకీ కూడా వచ్చింది. యూనిఫాంలో, రెండు జడలతో తల్లి పక్కన బెంచీ మీద కూర్చుంది. అవతలి బెంచీ మీద గోపమ్మ. బోనులో వంశీ, ఎక్కడ వెతికి తెచ్చాడో, కాలరు చిరిగిన చొక్కా వేసుకుని బీద మొహంతో నిలబడ్డాడు. ఆ చొక్కా చూడగానే నవత చున్నీ కొస నోట్లో కుక్కుకుంది.

మంజుల పాత కాగితం అందించింది. "ఈ సంతకం నీదేనా?"

"నాదే మేడం."

"జర గట్టిగ చదువుతవా?"

వంశీ లాయరు లేచాడు. "సార్, అది విడాకుల కేసుది. అది వేరు, ఇది వేరు."

"కేసులు వేరే. ప్రమాణం చేసిన మనిషి ఒక్కడే కదా," అన్నాడు జడ్జి. "చదవవయ్యా."

వంశీ చదవడం మొదలుపెట్టాడు. శనగల దాకా బాగానే ఉంది. బాదం దగ్గర గుమస్తా తల దించుకున్నాడు. మర్దనా దగ్గర వెనక బెంచీల్లో ఎవరో దగ్గారు. ఫ్యాను కరెంటు దగ్గరికి వచ్చేసరికి జడ్జి కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నవతకు కళ్లల్లోంచి నీళ్లు, నోట్లో సగం చున్నీ. అమ్మో, ఇంకొక్క ముక్క చదివాడంటే చస్తాను దేవుడా అనుకుంది.

"కొత్తదాంట్ల జంతువులు లేవని రాసినవ్. మరి గీ బాదం తిన్న గుర్రం ఏమైంది?" మంజుల అడిగింది.

వంశీ తల్లి వైపు చూశాడు. గోపమ్మ కళ్లతోనే ఏదో చెప్పింది.

"చచ్చిపోయింది సార్," అన్నాడు వంశీ.

బెంచీ మీదున్న పింకీ లేచి నిలబడింది.

"నవాబు చచ్చిపోయిందా డాడీ?"

అని, బావురుమంది. అలా ఇలా ఏడుపు కాదు. బయట జీపు దగ్గర టీ తాగుతున్న కానిస్టేబులు గ్లాసుతో సహా లోపలికి పరిగెత్తుకొచ్చాడు. నవత పిల్లను ఒళ్లోకి లాక్కుంది, ఊరుకోదు. "నాకు చెప్పలే! నేను చూడనే లే!" అని ఎక్కిళ్లు పెడుతోంది.

వంశీ మొహం పాలిపోయింది. ఒక క్షణం ఓర్చుకున్నాడు, రెండు క్షణాలు ఓర్చుకున్నాడు. ఇక వల్ల కాలేదు.

"లేదు బిడ్డా, లేదు లేదు! చావలే! షెడ్డుల్నే ఉన్నది. నీ మీద ఒట్టు, పొద్దుగాల నేనే క్యారెట్లు పెట్టొచ్చిన!"

గోపమ్మ ఠపీమని నెత్తి కొట్టుకుంది. గుమస్తా బల్ల కిందికి వంగి ఇక పైకి లేవలేదు. హాలంతా ఘొల్లుమంది. అందరికంటే ముందు ఎవరు నవ్వారని తర్వాత చాలా వాదన జరిగింది గానీ, జడ్జిగారే అని నవత ఇప్పటికీ అంటుంది. తను మాత్రం ఒట్టూ గిట్టూ గాలికొదిలి, పిల్లను వాటేసుకుని ఊగిపోయింది. నవ్వొద్దన్న మంజుల కూడా ఫైలు అడ్డం పెట్టుకుని ఊగుతోంది.

జడ్జి బల్ల చరిచి, గొంతు సవరించుకున్నాడు. "అబద్ధపు ప్రమాణం సంగతి తర్వాత చూస్తాను. గుర్రానికి నెలకు నలభై వేలు అని మీరే రాశారు. నేను పైసా తగ్గించను. తుది తీర్పు వచ్చేదాకా మీ కూతురికీ అంతే ఇవ్వాలి, ఈ నెల నుంచే. స్కూలు బాకీ వారంలో కట్టండి."

"సార్, గుర్రానికి అంత కాదు సార్, ఊకె ఎక్కువేసి రాసినం..." వంశీ నసిగాడు.

"అయితే పాతది కూడా అబద్ధమా?"

వంశీ చిరిగిన కాలరు సర్దుకుంటూ బోను దిగాడు.

వరండాలో గోపమ్మ కొడుకును పట్టుకుని దులిపేస్తోంది. "ఇంకొక్క నిమిషం నోరు మూస్కుంటే నీ సొమ్మేం పోతుండెరా?"

"పిల్ల ఏడుస్తుండెనమ్మా," అన్నాడు వంశీ.

నవత ఆ మాట విన్నది. దాని మీద కోపం తెచ్చుకోవాలో జాలి పడాలో తేలక, పింకీని స్కూటీ ముందు నిలబెట్టి తాళం తిప్పింది. మొయినాబాద్ దారి పట్టాక నవ్వు మళ్లీ తన్నుకొచ్చింది. బాదం, ఫ్యాను, ఫ్యానుకు కరెంటు! తల్లి నవ్వితే పిల్లా నవ్వింది. ఇద్దరూ అలా నవ్వుకుంటూ సగం దూరం వచ్చారు.

అప్పుడు పింకీ తల తిప్పకుండానే అడిగింది. "మమ్మీ, అయితే దసరా అయినంక నేను స్కూల్‌కు పోతనా?"

నవత బండి పక్కకు ఆపింది. "నీకెవరు చెప్పిన్రే?"

"టీచర్ ఎప్పుడో చెప్పింది. నీకు చెప్తే నవ్వుడు బంద్ చేస్తవని చెప్పలే."

పక్కనుంచి మెహిదీపట్నం బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. నవత పింకీ చెంపల మీద ఎండిపోయిన ఏడుపు చారలను చున్నీతో తుడిచింది. ఆ చున్నీ కొస ఇంకా తడిగానే ఉంది.

"పోతవ్ బిడ్డా," అంది. "మంచిగ పోతవ్."