మబ్బు కాపురమున్న తల

శనివారం వచ్చిందంటే మోకా పట్టణంలో ఆడవాళ్ళందరి కాళ్ళూ నెరెయ్దా సెలూన్ వైపే నడుస్తాయి. ఏడింటికల్లా గుమ్మం ముందు నలుగురు కాచుకుని ఉంటారు. తలంటు, రోలర్లు, గంపలాంటి పెద్ద డ్రయ్యర్ కింద ఓ గంట, ఆపైన చేతి డ్రయ్యరూ గుండ్రటి బ్రష్షూ. మధ్యమధ్య చిన్న కప్పుల్లో కాఫీ, ఊళ్ళో ఎవరితో ఎవరికి మాటల్లేవో ఆ వివరాలూ. లేచి వెళ్ళేటప్పుడు ప్రతి జుట్టూ పట్టులా జారుతుంటుంది.

ఆ జుట్టు వారమంతా నిలవాలి. దానికి శత్రువు ఒక్కటే, వాన. మోకా ఆడవాళ్ళు మొగుళ్ళకి భయపడరు, ఫాదరుగారికి భయపడరు, నెత్తిన పడే నాలుగు చినుకులకి మాత్రం గడగడలాడతారు. అందుకే ఒక్కొక్కరి చేతిసంచీలో మడతపెట్టిన ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఆకాశం నల్లబడితే దాన్ని తలకి తొడుక్కుని, చెవి పక్కన ముడేసుకుని, కిరీటం పెట్టుకున్న రాణుల్లా నడిచిపోతారు.

కవరు ఎప్పుడు తియ్యాలో ఫియోర్ చెప్పేది. ఫియోర్ దలీసా అని పూర్తి పేరు, నెరెయ్దా దగ్గర ఆరేళ్ళుగా తలంటి, రోలర్లు చుట్టే పిల్ల, ఇరవై నాలుగేళ్ళు. "ఏమ్మా, వస్తుందా?" అని ఎవరైనా అడిగితే, సబ్బు చేతులతోనే ఒక్క క్షణం ఆగి, మాడు మీద చలి ఎటు పాకుతోందో చూసుకుని, "మూడున్నర దాకా రాదు, నింపాదిగా వెళ్ళండి" అనేది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని సామెత. మోకాలో అందులో సగం ఫియోర్‌కి ఎరుకే.

ఎందుకంటే ఆమె జుట్టులో ఓ మబ్బు కాపురముండేది. పిడికెడంత మబ్బు. బాప్తిస్మం నాడు చర్చి మెట్ల మీద వచ్చి కూర్చుంది, మళ్ళీ పోలేదు. వాళ్ళమ్మ రెండేళ్ళు దువ్వెనతో తియ్యబోయి, పేలు కాదు కదా, ఉంటే ఉండనీ అని వదిలేసింది. ఎండాకాలంలో పక్కింటివాళ్ళు పూలకుండీలు తెచ్చి ఫియోర్ పక్కన పెట్టి పోయేవాళ్ళు. ఇబ్బందల్లా ఒక్కటే. లోపల ఎప్పుడూ చెమ్మే కాబట్టి, ఆ జుట్టు ఏం చేసినా రేగి కొబ్బరిపీచులా నిలబడేది. ఊరందరిదీ ఒక దారి, ఫియోర్ జుట్టుది ఇంకో దారి.

మే నెల మొదట్లో నెరెయ్దా అసలు సంగతి చెప్పింది. మోకాళ్ళు అరిగిపోయాయట, రోజంతా నిలబడలేకపోతోందట, సెలూన్ ఎవరికో ఒకరికి అప్పజెప్పాలట. ఉన్నది ఇద్దరు. ఒకరు ఆమె మేనకోడలు యహైరా. ఆ పిల్ల జుట్టు పుట్టుకతోనే నున్నన. చెయ్యి మాత్రం తొందర, డ్రయ్యర్ మరీ దగ్గర పెట్టి కొసలు మాడ్చేది. రెండోది ఫియోర్.

"నీ చెయ్యి బంగారం తల్లీ, ఆ మాట దేవుడి ముందైనా చెప్తాను," అంది నెరెయ్దా. "కానీ మన పనిలో తలే కదా బోర్డు. నీ తల చూసి నీ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? ఒడాలిస్ పెళ్ళి శనివారం ఊరంతా ఇక్కడే ఉంటుంది. ఆ రోజు నువ్వు నున్నటి జుట్టుతో నిలబడు, తాళాలు నీకే. లేదంటే యహైరాకి."

ఫియోర్‌కి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ సెలూన్ తప్ప ఆమెకి ఇంకో కోరిక లేదు. ఏ కుర్చీ ఏ మూల ఉండాలో, ఏ గోడకి ఏ రంగు వెయ్యాలో ఆరేళ్ళుగా మనసులో సర్దుకుంటూనే ఉంది.

పట్టు పట్టింది. రెండు వారాలు బ్యూటీ సామాన్ల కొట్టు చుట్టూ తిరిగింది. కొట్టామె ఖరీదైన డబ్బాలన్నీ పరిచింది. ఒక క్రీము రాస్తే మబ్బుకి తుమ్ములొచ్చి దిండంతా తడిసింది. ఇంకోటి రాస్తే గులాబీరంగు చినుకులు పడి తెల్ల చొక్కా పాడైంది. డబ్బా కొనగానే జుట్టు లొంగుతుందా, ఇల్లలకగానే పండగవుతుందా. చివరికి ఫియోర్ తన చేతులకి తెలిసిన దాన్నే నమ్ముకుంది. తువ్వాలుతో రుద్దకూడదు, పాత నూలు చొక్కాతో అద్దాలి. తడి మీదే వేడి తగలనివ్వని క్రీము, అదీ వేలి కొసంత. ముప్పాతిక వంతు ఆరేదాకా రోలర్లు. డ్రయ్యర్‌కి పల్చటి మూతి తగిలించాలి, లేకపోతే గాలి నాలుగు వైపులా కొట్టి ఉన్న నునుపునీ చెడగొడుతుంది. గాలి కుదుళ్ళ నించి కొసలకే పోవాలి, ఎదురు పోకూడదు. ఇనపపళ్ళ బ్రష్ కాదు, పందివెంట్రుకల గుండ్రటి బ్రష్. ఆఖర్న చల్లగాలి, అరచేతిలో రెండు చుక్కల నూనె, కొసలకి మాత్రమే.

అంతా సరిగ్గానే చేసింది. పది నిమిషాలు నిలిచేది. తరవాత లోపల్నించి చెమ్మ ఊరి మళ్ళీ పీచు.

శుక్రవారం సాయంత్రం అద్దం ముందు కూలబడి ఏడుస్తుంటే నెరెయ్దా చూసింది. స్టూలెక్కి, పై అరలో ఎన్నో ఏళ్ళుగా ఖాళీగా ఉన్న గాజు సీసా దించింది. రోజూ దుమ్ము తుడిచేది కానీ అందులో ఏదీ పొయ్యనిచ్చేది కాదు, ఎవరినీ పారెయ్యనిచ్చేది కాదు. "ఒక్కరోజు ఇందులో ఉంచు," అని ఫియోర్ చేతిలో పెట్టి ఇంటికెళ్ళిపోయింది.

ఫియోర్ మబ్బుని బతిమాలింది. "ఒక్కరోజమ్మా. రేపు సాయంత్రం మళ్ళీ మనిద్దరం కలిసే పడుకుందాం." మబ్బు కాస్త గునిసింది కానీ దిగింది. ఎక్కడ పారిపోతుందోనని ఫియోర్ మూత బిగించింది.

శనివారం ఆమెని చూసి సెలూన్ సెలూనంతా నోరు తెరిచింది. నల్లటి జుట్టు, నడుము దాకా, ఒక్క వెంట్రుక లేవలేదు. ఒడాలిస్ నాయనమ్మ దోన్యా చేయా (మోకాలో పెద్దావిడలందరూ దోన్యాలే) దగ్గరికొచ్చి, అది ఫియోర్ సొంత జుట్టేనా అని లాగి చూసింది. యహైరా మొహం మాడిపోయింది. ఆ రోజు ఫియోర్ చెయ్యి పెట్టిన ప్రతి తలా అద్దంలా మెరిసింది. పదకొండు మంది పెళ్ళివారు, ఆఖర్న పెళ్ళికూతురు. ఎంత తేలిగ్గా ఉందో ఫియోర్ తలకి. మరీ తేలిగ్గా ఉంది. అందులో ఎవరూ లేనట్టే ఉంది.

మూడింటికి అందరూ లేచారు. చర్చి నాలుగు వీధుల అవతల. పెళ్ళికూతుర్ని నడిపించుకుంటూ పాటలతో వెళ్ళాలని ముచ్చట. ఎండ ఫెళ్ళున కాస్తోంది. దోన్యా చేయా అలవాటుగా అడిగింది, వస్తుందా అని.

ఫియోర్ ఆగింది. మాడు మీద ఏమీ పాకలేదు. ఏమీ తెలియలేదు. తెలియదు అనడానికి నోరు రాలేదు. "రాదనుకుంటా," అంది.

ఆ మాటకి పదకొండు కవర్లూ చేతిసంచీల్లోంచి బయటికి వచ్చి బల్ల మీద పడ్డాయి. ఆరేళ్ళలో ఫియోర్ ఒక్కసారి తప్పలేదు మరి. ఆ గుట్టని చూసేసరికి వెనకగదిలోకి పరుగెత్తింది. సీసాలో మబ్బు నిమ్మకాయంత అయిపోయి ఉంది. అడుగున చెంచాడు నీళ్ళు. గాజుకి అంటుకుని, ఎగపోస్తూ ఉంది.

తాళాలు అప్పుడు నెరెయ్దా చేతిలోనే ఉన్నాయి. వాటి గలగల ఫియోర్ విన్నది కూడా. ఇంకో గంట ఓపిక పడితే చాలు. పట్టలేకపోయింది. సొంత తలలో ఇరవై నాలుగేళ్ళు మోసినదాన్ని గాజులో చావనిస్తుందా? మూత తీసి తల వంచింది.

మబ్బు ఒక్క గెంతున ఎక్కింది. వెంట్రుకలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి, ఎప్పటికన్నా ఎక్కువగా. దాంతోపాటే చలి, కుడిచెవి మీంచి మెడ దాకా కత్తిలా దిగింది.

ఫియోర్ ముందుగదిలోకి వచ్చేసరికి ఒడాలిస్ ఒక కాలు గుమ్మం అవతల పెట్టింది.

"ఆగండి. గుమ్మం దాటొద్దు. కొండ దిగి వచ్చేస్తోంది, పది నిమిషాలు కూడా లేదు. నేను ఇందాక తెలియక చెప్పాను, నన్ను క్షమించండి."

బయట ఎండ అలాగే ఉంది. యహైరా నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. ఫియోర్ తల వంక ఓసారి చూసి, పెళ్ళికూతుర్ని వెనక్కి లాగి, ఎవరి కవరు వాళ్ళు వెతుక్కున్నారు. ఎనిమిదో నిమిషంలో వాన కుండపోతగా దిగింది. వీధిలో కోళ్ళు కొట్టుకుపోయేలా ఉంది. సెలూన్‌లో మాత్రం కాఫీ మళ్ళీ తిరిగింది, రేడియో పెట్టి ఇద్దరు చిందులేశారు. పెళ్ళికొడుకుకి ఫోన్ చేస్తే వాన్ తెచ్చి గుమ్మానికి ఆనించాడు. కవర్లు తొడుక్కుని ఒక్కొక్కరే ఎక్కారు. పన్నెండు తలల్లో ఒక్క వెంట్రుక తడవలేదు. పెళ్ళి ఆలస్యమైందని ఎవరూ అనుకోలేదు, మోకాలో వేళకి అయిన పెళ్ళి ఏదని.

సెలూన్‌లో ముగ్గురు మిగిలారు. ఫియోర్ నేల మీది పిన్నులు ఏరుతోంది. నెరెయ్దా ఖాళీ సీసా తీసుకుని వెలుతురుకి ఎత్తి చూసింది.

"మూత బిగించావా?" అంది.

"బిగించాను దోన్యా."

"నేనూ నా మబ్బు మీద బిగించాను. ముప్పై ఐదేళ్ళ కిందట, నా పెళ్ళి రోజున. సాయంత్రం తీసి చూస్తే చెంచాడు నీళ్ళున్నాయి. అప్పట్నించీ నా జుట్టు నున్నగానే ఉంది, చూశావుగా. ఆకాశం కేసి ధైర్యంగా తలెత్తిన రోజు మాత్రం ఒక్కటీ లేదు."

తాళాలు తీసి ఫియోర్ ఒళ్ళో పడేసింది. నున్నటి జుట్టుంటేనే తాళాలని మీరే అన్నారు కదా అని ఫియోర్ గొణిగింది. నా మాట నేనే దిగమింగుతాను, ఈ వయసులో ఇంకేం అరుగుతుంది కనక అంది నెరెయ్దా. యహైరా కాసేపు మూతి ముడుచుకుని, ఆదివారాలు సెలవిచ్చేటట్టయితే తనకేం అభ్యంతరం లేదంది. డ్రయ్యర్ జానెడు దూరం పట్టేటట్టయితే ఇస్తానంది ఫియోర్.

నెరెయ్దా తన కవరు తీసింది. మడత విప్పింది. మళ్ళీ మడిచి బల్ల మీద పెట్టేసింది. మోకాళ్ళు అరిగిన మనిషి, గోడ పట్టుకుని మెట్లు దిగి, ఉత్త తలతో వానలోకి నడిచింది. మోకాలో అలాంటి దృశ్యం చూసిన వాళ్ళు లేరు. ఫియోర్ యహైరాని బయటికి పిలిచి, గబగబా తాళమేసి గొడుగు పట్టుకుని వెనకే పరుగెత్తింది. నెరెయ్దా గొడుగు కిందికి రానంది.

చర్చిలో ముందు వరసలో కూర్చునేసరికి ఆవిడ జుట్టు నీళ్ళు కారుతోంది. ఫాదరుగారి ప్రసంగం సాగేకొద్దీ అది ఆరుతూ, పైకి లేస్తూ, ఇంతయ్యింది, అంతయ్యింది. ఒకరి నొకరు మోచేత్తో పొడుచుకుని చూశారు. బయట వాన హోరు తగ్గలేదు. పెళ్ళికూతురు మెట్ల మీద ఫొటో ఎలా దిగుతుందోనని దోన్యా చేయాకి బెంగ పట్టుకుంది. వెనక వరసలో ఉన్న ఫియోర్‌ని అడుగుదామని తల తిప్పబోయింది.

నెరెయ్దా ఒక చెయ్యి మాడు మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుని, అక్కడ చలి ఎటు పాకుతోందో చూసుకుంది.

"ఐదు నిమిషాల్లో ఆగుతుంది," అంది.

ఐదో నిమిషంలో ఆగింది.