పోలినాయుడి చేతిలో తూము హ్యాండిల్

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడు అది. నేను ఒక ఇనుప హ్యాండిల్‌ని. కాలువ తూము గేటు ఎత్తాలన్నా దించాలన్నా నన్నే తగిలించి తిప్పాలి. కొలిమిలో పుట్టాను. గేట్లు చూసే లస్కర్ల చేతుల్లో అరిగాను. మా కాలువ మీద ఒక ఆనవాయితీ ఉంది. లస్కరు తన చేత్తో నన్ను ఇంకొకడికి ఇచ్చాడంటే కొలువు ఒప్పచెప్పినట్టే. కాగితం తర్వాత వస్తుంది. మనుషులకు మాట మీదకన్నా ఇనుము మీద నమ్మకం.

ఆ ఏడు నేను పోలినాయుడి చేతిలో ఉన్నాను. వరద రాత్రి గేటు బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా దిగలేదు. దిగువ వాడ మునిగి ఒక ముసలమ్మ పోయింది. గేటుకు గ్రీజు పెట్టించానని ఇంజనీరు పైఅధికారులకు చెప్పాడు. పెట్టించలేదు. విచారణకు వచ్చిన అధికారిణికి పోలినాయుడు ఆ సంగతి చెప్పేశాడు.

"నిజం చెప్పినందుకు నిన్ను తీసెయ్యకూడదు, బదిలీ చెయ్యకూడదు. చట్టం ఉంది," అన్నదామె. "నీ అంతట నువ్వు వదిలేస్తే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు."

గేటు బాగుచేశాక ఒక సాయంత్రం ఇంజనీరు జీపు దిగాడు. వెంట పక్క కాలువ లస్కరు గవరయ్య. పోలినాయుడికి బావ వరస.

"అలిసిపోయావు నాయుడూ. హ్యాండిల్ మీ బావకిచ్చి నాలుగు రోజులు ఇంటి దగ్గరుండు."

"ఇచ్చీ బావా. నానేటి, నమిలి మింగేస్తానా?" అని నవ్వాడు గవరయ్య.

పోలినాయుడు నన్ను చాపాడు. అధికారి అడిగితే ఇవ్వడమే తెలిసిన చెయ్యి అది. ఏడాదిలో పింఛను. నన్నిస్తే అదీ లేదు, ఉంటున్న క్వార్టరూ లేదు. సగం దూరంలో చెయ్యి ఆగింది.

"ఇవ్వను బాబూ. నన్నెందుకు తీసేస్తన్నారో కాయితం మీద రాసివ్వండి."

"మూడో తరగతి గాడివి, నీకు కాగితమెందుకురా?"

"నాకు కాదు బాబూ. ఇచారణకొచ్చిన ఆయమ్మకి సూపించడానికి."

ఇంజనీరు పెన్ను జేబులోనే ఉంది. చెయ్యి అటు వెళ్ళలేదు. గవరయ్య చాపిన చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"నన్నొగ్గీయండి బాబూ. రేపు నాకూ ఇదే గతి గదా," అని నడిచే వెళ్ళిపోయాడు. ఇంజనీరు ఒక్కడే జీపెక్కాడు.

చట్టం చాలా పెద్దదంటారు. ఆ సాయంత్రం అది పోలినాయుడి పిడికిలంతే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆయన నన్ను భుజాన వేసుకుని తూము ఎక్కి, దిగువ పొలాలకు నీరు వదిలాడు.