పైన పొడి, కింద తడి

"ఇంజను ఆపరా! ఎవరూ నోరెత్తకండి!"

అక్క కేకకు పొక్లెయిన్ ఇంజను గుర్రుమని ఆగిపోయింది. కందకం చుట్టూ మూగినవాళ్లందరి నోళ్లకూ తాళాలు పడ్డాయి. కూలిన మట్టి మీద ఆమె బోర్లా పడుకుని చెవి ఆనించింది. ఏమీ వినపడలేదు. మళ్లీ ఆనించింది. తన గుండె చప్పుడే తనకు వినిపించింది.

"తవ్వండి. గడ్డపారలొద్దు, వాడికి తగులుతాయి. చేతులతో తీయండి."

మంచినీళ్ల పైపు పనిలో ఉన్న వాళ్లందరికీ ఆమె అక్కే. పైపు వెళ్లే దారిలో అక్కడక్కడా మట్టి తీయించి, ల్యాబులో ఆరబెట్టి, తడిపి, నలిపి, దాని గుణం తేల్చడం ఆమె ఉద్యోగం. కానీ ఇప్పుడు ఈ మట్టి కింద ఉన్నవాడికి మాత్రం ఆమె వరసకు కాదు, నిజంగానే అక్క.

ఆమె పక్కనే తండ్రి తవ్వుతున్నాడు. తవ్వకం ముఠాకు ఆయనే మేస్త్రి. గోళ్లు విరుగుతున్నా ఆగడం లేదు. "వచ్చేశాన్రా చిన్నోడా, వచ్చేశా. ఊపిరి బిగబట్టు నాన్నా," అని మట్టితో మాట్లాడుతున్నాడు.

పైన గడ్డలు ఎండిపోయి ఇటుకల్లా ఉన్నాయి. మోచేతి లోతు దాటాక మట్టి తీరు మారింది. చేతికి జిగటగా అంటుకుంటోంది, విదిలిస్తే రావడం లేదు. వాన పడి నెలలవుతున్నా ఇక్కడ మట్టి తడిగా ఉందేమిటని ఒక్క క్షణం ఆమెకు అనిపించింది. అంతలో తండ్రి చేతికి చొక్కా కాలర్ దొరికింది.

బయటికి తీసేసరికి చిన్నోడి ముఖం మీద గీత కూడా పడలేదు. నోటి నిండా మాత్రం నల్లమట్టి. అక్క వేలితో కొంత తీసింది. ఇంకా ఉంది. అదీ తీసింది. అంబులెన్సుతో వచ్చిన నర్సు ఆమె మణికట్టు పట్టుకుని, "ఇంక చాలమ్మా," అంది.

మేస్త్రి ఏడవలేదు. నేరుగా లేచి వెళ్లి పొక్లెయిన్ డ్రైవరు కాలర్ పట్టుకున్నాడు. తల మీద ఒక్క వెంట్రుకైనా లేని ఆ మనిషిని అందరూ గుండు అనే పిలుస్తారు.

"నా కొడుకు నెత్తిన బండి ఎక్కించావు కదరా!"

"మేస్త్రీ, నీ కాళ్లు పట్టుకుంటా. బండి అంచు దగ్గరికే రాలేదు. అంతా కూలాక, తీయడానికి రమ్మంటేనే కదా వచ్చాను?"

"రేపు నీ సంగతి చూస్తానన్నావు నిన్న. అందరం విన్నాం!"

ఆ మాట నిజమే. నిన్న టీ దగ్గర మొదలైంది గొడవ. చిన్నోడు ఈ పనికి కొత్త. సెల్‌ఫోన్ల షాపు మూతపడితే తండ్రి ముఠాలో చేరాడు. "ఏరా, అది గడ్డపారా, సెల్ఫీ కర్రా?" అని గుండు గిల్లాడు. "నీ తలకాయ తళతళ కళ్లలో కొడుతోంది మామా, ముందు దాని మీద గోనెసంచి కప్పుకో," అని చిన్నోడు అంటించాడు. జనం పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుకే గుండుకు కాలింది. తోసుకున్నారు, మధ్యలో దూరి ఎవరో విడదీశారు. పోతూ పోతూ గుండు అన్న ఆ ఒక్క మాటే ఇప్పుడు వాడి మెడకు చుట్టుకుంది.

బండి అంచుకు వచ్చిందా రాలేదా అని తేల్చడానికి చక్రాల జాడలు కూడా మిగల్లేదు. తీసే హడావుడిలో అదే బండి, అంతమంది కాళ్లు, అన్నీ తొక్కేశాయి. పోలీసులు వచ్చి గుండును జీపెక్కించారు. ఎక్కే ముందు వాడు జనం మీదుగా అక్కను చూశాడు.

"అక్కా, మట్టి సంగతి నీకు తెలుసు కదక్కా. నువ్వైనా చూడక్కా."

తండ్రి అంబులెన్సులో వెళ్లాడు. ఆమె కూడా ఎక్కబోయి ఆగింది. వెనక్కి తిరిగి కందకంలోకి దిగింది.

పైపు పైన మెట్ట మీద మొదలై ఇటు దిగివస్తుంది. మెట్టంతా ఎర్ర గరపనేల, రాళ్లూ ఇసుకా కలిసినది. దాని మీద పడ్డ వాన నిలవదు. జారుతూ మెత్తటి బంకమట్టిని మోసుకొచ్చి ఈ పల్లంలో వదులుతుంది. ఎన్ని వేల ఏళ్లుగా వదిలిందో, పల్లమంతా నల్లరేగడి అయింది. కంచె రాళ్లు ఇక్కడ నిటారుగా నిలబడవు, తలా ఒక వైపు ఒరిగి ఉంటాయి. అవతలి కాలనీలో వానాకాలం తలుపులు పట్టేస్తాయి. ఎండాకాలం గోడలు బీటలు తీస్తాయి. తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకునే నేల ఇది. ఇప్పుడు నడిఎండలకు ఒళ్లంతా నెర్రెలు విచ్చి ఉంది. చెయ్యి పెడితే భుజం దాకా దిగే నెర్రెలు.

అక్క కూలిన కందకం గోడను పైనుంచి కిందికి తడిమింది. పైన పొడి. కింద తడి. వాన తడి అయితే పైనుంచి మొదలవ్వాలి. ఇది నెర్రె అడుగున మొదలై పక్కలకు పాకింది. ఒక గడ్డ విరిచింది. లోపలి ముఖం అద్దంలా నిగనిగలాడింది. ఏటేటా ఉబ్బుతూ ముడుచుకుంటూ ఈ మట్టి లోపల పలకలు పలకలుగా రాసుకుంటుంది. రాసుకున్న చోటల్లా నునుపెక్కుతుంది. ఎండి ఉన్నన్నాళ్లూ ఆ పలకలు ఒకదాన్నొకటి కరిచిపెట్టుకుని ఉంటాయి. తడి తగిలిందా, సబ్బుబిళ్లల్లా జారిపోతాయి. ఇక్కడ జారింది అవే. ఏ బండి బరువూ అక్కర్లేదు. గోడ కూలకుండా ఆపడానికి పెట్టిన చెక్క బోర్డులు కూడా పొడిమట్టికి సరిపోయేటంత దూరందూరంగానే ఉన్నాయి.

దగ్గర్లో వేరే పైపేదీ లేదు, కారడానికి. కరెంటు కేబులు అడ్డం ఉందని ఈ కాస్త మేర యంత్రంతో తవ్వకుండా మనుషులకు వంతులు వేసి ఇచ్చారు. చిన్నోడి వంతుకు ఎడమ పక్క చూసింది. పొడి. కుడి పక్క చూసింది. పొడి. ఒక్క చిన్నోడి వంతు వెంబడే నెర్రెల్లో నీళ్లు దిగాయి.

అంటే ఎవరో పోశారు. ఎంచి మరీ వాడి తల మీదికే పోశారు.

దుమ్ము అణచడానికి తెచ్చిన నీళ్ల ట్యాంకరు కొంచెం అవతలే నిలబడి ఉంది. ఆమె దాని తొట్టి మీద కొట్టి చూసింది. ఖాళీగా మోగింది. గుండు మీద జాలి ఒక్కసారిగా ఆవిరైంది. బండితో కాకపోతే నీళ్లతో చేసి ఉంటాడు. ఇంత తెలివిగా చంపి, పైగా నన్నే సాక్ష్యం అడుగుతాడా?

పళ్లు బిగించి ఆసుపత్రికి బయలుదేరింది.

శవాల గది ముందు వరండాలో సిమెంటు బల్ల మీద మేస్త్రి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చేతులు కడుక్కోలేదు. అక్క పక్కన కూర్చుంది.

"నాన్నా, నిన్న సాయంత్రం పని దిగాక అక్కడ ఎవరున్నారు?"

"ఎవరుంటారమ్మా. నేనే ఆఖర్న వచ్చాను."

"గుండు ఉన్నాడా?"

"వాడు అలిగి ముందే పోయాడుగా." ఆయన తల తిప్పి చూశాడు. "ఎందుకు?"

"ట్యాంకరు ఖాళీగా ఉంది. ఎవరో నీళ్లు వదిలారు."

"అదా? నేనే వదిలాను." మేస్త్రి గొంతులో దాపరికమేమీ లేదు. ఎవరో టైమెంతని అడిగితే చెప్పినట్టు చెప్పాడు. "చిన్నోడి అరచేతులు చూడలేదా నువ్వు? బొబ్బలు చితికి రక్తం కారుతోంది. నేలేమో ఇనుములా ఉంది. రాత్రంతా నానితే పొద్దున్నే గడ్డపార తేలిగ్గా దిగుతుందని వాడి వంతులో నెర్రెలన్నీ నింపాను. వాడికి చెప్పలేదులే, చెబితే సిగ్గుపడతాడు."

అక్క ఆయన వైపు తిరిగింది.

"మెట్ట మీద ఇన్నేళ్లూ చేసింది అదేగా. ఎర్రమట్టి బెత్తెడు నాని ఊరుకుంటుంది, తవ్వేవాడికి హాయి," అన్నాడు మేస్త్రి. తర్వాత ఆమె ముఖం చూసి, "నువ్వు చెప్పినట్టే చేశానమ్మా. వాన పడితే కందకంలో దిగొద్దన్నావు. వాన పడలేదు కదా?" అన్నాడు.

నిజమే. పని పల్లంలోకి దిగిన రోజు ఆమె అందర్నీ నిలబెట్టి చెప్పింది. ఈ మట్టి వేరు, వానొస్తే మాత్రం దిగొద్దని గట్టిగా చెప్పింది. వాన అంది. నీళ్లు అనలేదు. ఎండల్లో పనిగట్టుకుని నీళ్లు పోసేవాడు ఉంటాడని ఆమెకు తట్టలేదు.

ఇది ఇద్దరికే తెలుసు. అందులో నాన్నకు తను చేసినదేమిటో ఇంకా తెలియదు. నోరు మూసుకుంటే చాలు, కొన్నాళ్లకు ఆ తడీ ఆరిపోతుంది. నాన్న మిగిలిన రోజులు గుండును తిట్టుకుంటూ గడిపేస్తాడు. గుండు మాత్రం జైల్లో గడుపుతాడు.

గేటు దగ్గర అలికిడైంది. ప్రమాదం సంగతి తేల్చే తనిఖీ అధికారి వచ్చాడు, వెంట పోలీసు, మధ్యలో వైద్యపరీక్షకు తెచ్చిన గుండు. వాడి పెదవి చిట్లి ఉంది. అధికారి నెమ్మదస్తుడు. బల్ల దగ్గరికొచ్చి, "ఈ పరిస్థితిలో అడగాల్సి వస్తోందమ్మా, ఏమీ అనుకోకండి. గోడ బండి బరువుకే కూలిందని మేస్త్రిగారు అంటున్నారు. మీరు మట్టి చూశారట," అన్నాడు.

ఆమె జవాబు చెప్పేలోపే ఆటో ఆగింది. అమ్మ దిగింది. వచ్చే దారిలోనే ఎవరో అంతా చెప్పేశారు కాబోలు, లోపలికి పోలేదు, ఎవర్నీ అడగలేదు. తిన్నగా గుండు ముందుకు వెళ్లి నిలబడింది. కొడుతుందని వాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె కొట్టలేదు. వాడి రెండు చేతులూ పట్టుకుంది.

"మా ఇంటికొచ్చి నా చేతి అన్నం తిన్నావు కదయ్యా. ఏం చేశాడు వాడు నీకు? వేళాకోళానికి ఒక మాట అంటే ప్రాణం తీస్తావా?"

"నేను కాదమ్మా," అంటూ గుండు భోరుమన్నాడు. "పిల్లల మీద ఒట్టు. నేను కాదమ్మా."

"అమ్మా, అతన్ని వదిలెయ్," అంది అక్క. లేచి నిలబడింది. "సార్, బండి బరువు కాదు. గోడ అడుగున తడి ఉంది. నెర్రెల్లో ఎవరో నీళ్లు నింపారు. ఎర్రమట్టిలో అయితే ఏం కాదు. నల్లరేగడిలో నీళ్లు అడుగుదాకా పోతాయి, లోపలి పలకలు జారిపోతాయి. పైకి పొడిగానే కనిపిస్తుంది. లోపల మాత్రం గోడ కూలడానికి సిద్ధంగా ఉంటుంది."

చెబుతూ ఆమె అధికారిని చూడలేదు, తండ్రినే చూసింది. ఒక్కో మాటా ఆయనలోకి దిగడం ఆమెకు కనిపిస్తోంది. మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థం కాకూడదనుకున్నాడు. ఆ తర్వాత ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. బల్ల అంచు పట్టుకుని లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"అంటే... ఆ నీళ్లకేనా అమ్మా?"

"అవును నాన్నా."

"నీళ్లు నింపిందెవరో తెలిసిందా?" అన్నాడు అధికారి.

అమ్మ గుండు చేతులు వదిలి ఇటు తిరిగింది. "ఎవరే? ఏ పాపిష్టివాడే? చెప్పవేం?"

అక్క తండ్రి వైపు చూసింది. మేస్త్రి ఏదో అనబోయాడు. చెయ్యెత్తి కూతురికి సైగ చేశాడు.

"నా వల్ల కావట్లేదు తల్లీ. నువ్వే చెప్పు."

ఆమె వెళ్లి అమ్మ భుజాలు రెండూ గట్టిగా పట్టుకుంది, పడిపోకుండా.

"నాన్న," అంది. "నాన్నే పోశాడమ్మా."