కాకి ముట్టని చెంబు

వరదయ్య పెద్దకర్మ నాడు కాకి అన్నం ముట్టలేదు.

మిద్దె మీద విస్తట్లో అన్నం, పులగూర, ఆయనకు ఇష్టమైన అలసంద వడలు పెట్టి, పక్కన చెంబుతో నీళ్ళు ఉంచారు. కాకి వచ్చింది. ముందు చెంబులో ముక్కు ముంచింది. తల విదిలించి, ఒక్క మెతుకైనా తాకకుండా ఎగిరిపోయింది. మళ్ళీ ఏ కాకీ ఆ పక్కకు రాలేదు.

"వదినా, అన్నకు నీ మీద ఏదో మనసులో ఉండాది," అన్నాడు మరిది మునిస్వామి. "లేకుంటే దగ్గరికొచ్చి పోతాదా? ఏం కోరినాడో గుర్తు చేసుకో."

ఆ రోజు నుంచి వరదయ్య భార్య రాఘవమ్మకు అదే ధ్యాస. ఆయనేమీ కోరలేదు. లివరు చెడిపోయింది, ఇంక ఇంటికి తీసుకుపొమ్మని తిరుపతి ఆస్పత్రిలో చెప్పేశాక ఆయన మాటలే తగ్గిపోయాయి. అన్నదల్లా ఒకటే.

"ఏమే, నీళ్ళు పెట్రోలు వాసనొస్తా ఉండాయి."

దానికి ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. ఇంటికి దగ్గర్లోనే, కార్వేటినగరం పోయే రోడ్డు పక్క పెట్రోలు బంకులో ఆయన వయసంతా గడిచింది. బైపాసు పడి బంకు మూతపడ్డాక కూడా ఆయన చొక్కాల్లో ఆ వాసన పోలేదు. "బావ పక్కన బీడీ ముట్టించొద్దురా, ఊరు కాలిపోతాది," అని బావమరుదులు ఆట పట్టించేవాళ్ళు. రాఘవమ్మకూ ఆ ఎగతాళి అలవాటే.

"వాసన నీళ్ళల్లో లేదయ్యా. నీ ముక్కులో కాపురం పెట్టుండాది. తాగు."

ఆస్పత్రిలో గ్లాసు వెంట గ్లాసు అడిగి తాగిన మనిషి, ఇంట్లో బావి నీళ్ళు ఇస్తే మొహం తిప్పుకునేవాడు. ఆఖరి రోజు పెదాలు ఎండి పగిలిపోయి ఉంటే, తల ఒళ్ళో పెట్టుకుని నోట్లో నీళ్ళు పోసింది. ఆయన పళ్ళు బిగించుకున్నాడు. నీళ్ళు చెంప మీదుగా జారి ఆమె చీర తడిసింది.

"నా మీద కోపమా?" అని అడిగింది.

ఆ రాత్రే ఆయన పోయాడు. దాని తర్వాతే కాకి కూడా ముట్టకుండా పోయింది.

మరుసటి ఎండాకాలం బావుల్లో నీళ్ళు అడుగంటాక, వీధిలో అందరి ముక్కులకూ ఆ వాసన తగిలింది. అర్జీ పెట్టుకుంటే సునీల్‌కుమార్ అనే అధికారి మనుషులతో వచ్చాడు. పాత బంకు చుట్టూ సన్నటి బోర్లు వేసి, పైకి వచ్చిన మట్టిని సంచుల్లో కట్టారు. బంకు పోయినా నేలలోని ట్యాంకులను ఎవరూ తీయలేదు. తవ్వి చూస్తే ఒకదాని అడుగు తుప్పుతిని జల్లెడైపోయి ఉంది. అందులో మిగిలిన పెట్రోలు మట్టిలోకి ఇంకి, భూమి లోపల నీళ్ళు కదిలే వైపే కదిలింది. ఆ వైపున మొదటి బావి రాఘవమ్మది.

సునీల్‌కుమార్ సీసాకు తాడు కట్టి ఆ బావిలోకి దించాడు. పైకి తీసి ఎండకు పట్టుకుంటే నీళ్ళ మీద నెమలి ఈక రంగులు తేలాయి.

"అమ్మా, ఇక్కడ వాసన మొదట ఎప్పుడు తెలిసింది? బాగా ఆలోచించి చెప్పండి. ఎంత కాలంగా కారుతోందో దాన్నిబట్టి తెలుస్తుంది."

"ఈ ఎండాకాలమే సార్," అన్నాడు మునిస్వామి.

రాఘవమ్మ బావిగట్టు పట్టుకుంది. "కాదు. పోయినేడే. మా ఇంటాయన చెప్పినాడు."

"ఆయన్ని పిలవండమ్మా. ఆయనతోనే మాట్లాడతాను."

మునిస్వామి, "అన్న లేడు సార్," అన్నాడు.

"నాయనా, ఈ నీళ్ళతోనేనా ఆయన పోయింది?" అని అడిగింది రాఘవమ్మ.

"అది నేను చెప్పలేనమ్మా. ఆయన వాసన అన్నది మాత్రం నిజమే అయ్యుంటుంది."

"అయితే కోపం కాదు," అంది ఆమె, ఎవరితోనూ కాదన్నట్టు. "దప్పికతో పోయినాడు."

ఆ మాట సునీల్‌కుమార్‌కు అర్థం కాలేదు. మునిస్వామి తల వంచుకున్నాడు.

బావి మీద రేకు కప్పి, ఎర్ర రంగుతో తాగరాదని రాశారు. వీధికి ట్యాంకరు రావడం మొదలైంది.

ఏడాది తద్దినానికి రాఘవమ్మ ట్యాంకరు నీళ్ళతో వండింది. చెంబు చింతపండుతో తోమి తోమి, నిండుగా నీళ్ళు పట్టి, తానే మిద్దె మీదికి మోసుకుపోయింది. ఎవరినీ ముట్టనివ్వలేదు.

కాకి వచ్చి పిట్టగోడ మీద వాలింది. ముందు చెంబు దగ్గరికే పోయింది. ముక్కు ముంచి తల పైకెత్తింది. మళ్ళీ ముంచింది. ఆ తర్వాత వడ పొడిచింది.

"సూసినావా వదినా!" అన్నాడు మునిస్వామి. "అన్న కోపం పోయింది. ఇంక లే, అందరం తిందాం."

రాఘవమ్మ లేవలేదు. కాకి బెదరకుండా చెయ్యి మెల్లగా చాపి, చెంబును ఇంకాస్త దాని దగ్గరికి జరిపింది.

"తాగయ్యా," అంది. "వాసన లేదు."